ట్యూనర్ కొనే ముందు చైన్ చూడండి



హైదరాబాద్ శివార్లలోని గండిమైసమ్మ చౌరస్తా నుంచి దుండిగల్ మీదుగా నర్సాపూర్ వైపు సాగే రోడ్డు పక్కన పొద్దున ఎనిమిదింటికి నిలబడితే మన యువకులు ఏయే బళ్లు నడుపుతున్నారో తెలిసిపోతుంది. ఇంజినీరింగ్ కాలేజీలకు పోయే పిల్లల కేటీఎంలు, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టు అందుకోవాల్సిన వాళ్ల పల్సర్లు, స్ప్లెండర్లు. ఆదివారమైతే నర్సాపూర్ అడవి దారి పట్టే బుల్లెట్లు, హిమాలయన్లు. ఈ బళ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆగుతాయి. అక్కడ ఈ మధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటుంది. బండికి ఫ్యూయల్ ట్యూనర్ పెట్టిస్తే లాభమా, దండగా?

అరచేతిలో పట్టే నల్లడబ్బా అది. మోడల్‌ను బట్టి తొమ్మిది, పది వేల నుంచి పాతిక, ముప్పై వేల దాకా ఉంటుంది ధర. మన పొరుగున బెంగళూరులోనే రేస్ డైనమిక్స్ అనే సంస్థ ఫ్యూయలెక్స్, పవర్‌ట్రానిక్ పేర్లతో వీటిని తయారుచేస్తోంది. అమెరికాలో డైనోజెట్ వాళ్ల పవర్ కమాండర్ ఎప్పటి నుంచో ఉన్నదే. పికప్ పెరుగుతుందని, ఇంజిన్ వేడి తగ్గుతుందని, బండి కుదుపులు లేకుండా మెత్తగా నడుస్తుందని అంటారు. కొందరు అమ్మేవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి మైలేజీ కూడా పెరుగుతుందంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పది మందిలో ఎనిమిది మందికి ఈ డబ్బా అక్కర్లేదు. మిగిలిన ఇద్దరికి నిజంగానే పనికొస్తుంది. మీరు ఆ ఇద్దరిలో ఉన్నారా లేదా అన్నది డబ్బు చెల్లించక ముందే తేల్చుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

పెట్రోలు ఒక్కటే మండదు, గాలితో కలిసి మండుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి అంతకంటే ఎక్కువైతే మిక్చర్ లీన్ అయిందంటారు మెకానిక్‌లు, పెట్రోలు ఎక్కువైతే రిచ్ అయిందంటారు. కార్బురేటర్ రోజుల్లో ఈ పాళ్లు స్క్రూడ్రైవర్‌తో సరిచేసేవాళ్లు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక మోటార్ సైకిళ్లలో ఆ పని దాదాపు పూర్తిగా కంప్యూటర్ చేతికి పోయింది. దాన్నే ఈసీయూ అంటున్నాం. ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో అది లెక్కగడుతుంది. సైలెన్సర్ పైపు మొదట్లో ఓ ఆక్సిజన్ సెన్సార్ కూర్చుని, బయటికి పోయే పొగను పసిగట్టి, మిక్చర్ లీన్‌గా ఉందో రిచ్‌గా ఉందో క్షణక్షణం కబురు పంపుతుంది. ఆ కబురును బట్టి ఈసీయూ కాస్త తగ్గిస్తుంది, కాస్త పెంచుతుంది. మీరు నలభై, యాభై వేగంతో నింపాదిగా పోతున్నంతసేపూ ఈ సంప్రదింపులు నడుస్తూనే ఉంటాయి. ఎక్సలేటర్ మొత్తం తిప్పేస్తే మాత్రం ఈసీయూ సెన్సార్ మాట పక్కనబెట్టి, తన దగ్గర రాసిపెట్టుకున్న పట్టిక చూసి పెట్రోలు కాస్త ధారాళంగా వదులుతుంది. ఆ పట్టికనే మ్యాప్ అంటారు.

దుండిగల్‌కు ఈ మిక్చర్ గొడవ కొత్తదేమీ కాదు. ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కొత్త పైలట్లు చాలా ఏళ్లపాటు హెచ్‌పీటీ-32 దీపక్ అనే పిస్టన్ ఇంజిన్ విమానం మీదే తొలి పాఠాలు నేర్చారు. 2009లో దాన్ని ఆపేసి, 2013 నుంచి టర్బోప్రాప్ ఇంజిన్ ఉన్న పిలాటస్ విమానాలు తెచ్చారు. పిస్టన్ ఇంజిన్ విమానాల్లో మామూలుగా మిక్చర్ కోసం విడిగా ఓ లివర్ ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి పైలట్ దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గించాలి. మన బండి ఆకాశానికి ఎగరకపోయినా దుండిగల్ నేల సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. విశాఖ బీచ్ రోడ్డుతో పోలిస్తే ఇక్కడి గాలి ఐదారు శాతం పలచన. అక్కడ కొన్న బండిని ఇక్కడికి తెస్తే ఎవరూ స్క్రూ తిప్పడం లేదు కదా. ఆ తేడాను ఈసీయూ తన సెన్సార్లతో తానే సర్దుకుంటుంది.

అంత తెలివైన ఈసీయూ ఉండగా ట్యూనర్ ఎందుకంటారా? కాలుష్య నిబంధనల కోసమే. సైలెన్సర్ లోపలి క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేయాలంటే మిక్చర్ ఆ 14.7 దగ్గరే ఉండాలి. ఇంజిన్ మంచి బలం చూపేది మాత్రం పన్నెండున్నర, పదమూడు దగ్గర. అంటే కాస్త రిచ్‌గా ఉన్నప్పుడు. ఈ రెండింటి మధ్య కంపెనీ ఇంజినీర్లు చట్టం వైపు మొగ్గుతారు, మొగ్గక తప్పదు. దాని ఫలితం కొన్ని బళ్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర తెలుస్తుంది. పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో మరీ ఎక్కువ. రెండో గేరులో ఇరవై ఐదు, ముప్పై వేగంతో ట్రాఫిక్‌లో పోతుంటే బండి ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. 2013లో కేటీఎం 390 డ్యూక్ మన దేశంలోకి వచ్చిన నాటి నుంచీ నడిపేవాళ్లు ఈ గుంజుడు గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. ట్యూనర్ ఈసీయూకూ ఇంజెక్టర్‌కూ మధ్యలో కూర్చుని, ఇంజెక్టర్ తెరుచుకునే సమయాన్ని కాస్త పొడిగిస్తుంది. సెన్సార్ ఊరుకోదు, మిక్చర్ రిచ్ అయిందని ఫిర్యాదు చేస్తుంది. ఈసీయూ మళ్లీ తగ్గించేస్తుంది. అందుకే చాలా ట్యూనర్లు సెన్సార్ నుంచి వచ్చే కబురును కూడా దారిలో మార్చి పంపుతాయి.

మార్కెట్‌లో కొన్ని వందల రూపాయలకే దొరికే చిన్న ప్లగ్గులు కూడా ఉన్నాయి. అవి చేసేదల్లా గాలి ఉష్ణోగ్రత చెప్పే సెన్సార్‌కు ఓ రెసిస్టర్ తగిలించి, బయట బాగా చలిగా ఉందని ఈసీయూను నమ్మించడమే. మే నెల ఎండలో మేడ్చల్ హైవే మీద పోతున్న బండికి చలికాలం వచ్చిందని చెప్పడమన్నమాట. వాటి జోలికి పోకండి.

ఇప్పుడు మైలేజీ. పెట్రోలు ఎక్కువ పోసి బలం పెంచే పరికరం అదే సమయంలో పెట్రోలు ఆదా ఎలా చేస్తుంది? ఎక్కువ మైలేజీ వచ్చేది మిక్చర్ లీన్ వైపు ఉన్నప్పుడు, ఎక్కువ బలం వచ్చేది రిచ్ వైపు ఉన్నప్పుడు. రెండూ రెండు దిక్కులు. కొన్ని ట్యూనర్లలో హ్యాండిల్ మీద స్విచ్ పెట్టి, ఒక మ్యాప్ మైలేజీకి, ఇంకొకటి పవర్‌కు అని ఇస్తారు. అది నిజాయితీ గల పద్ధతే. ఒకే మ్యాప్‌లో రెండూ వస్తాయనేవాడి మాట మాత్రం నమ్మకండి.

సరే, వాదన కోసం వస్తుందనే అనుకుందాం. లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చే బండి ట్యూనర్ పెట్టాక 37 ఇచ్చిందనుకోండి. వెయ్యి కిలోమీటర్లకు మిగిలేది ఒకటిన్నర లీటరు. లీటరు 107 రూపాయల లెక్కన నూట అరవై చిల్లర. పన్నెండు వేలు పెట్టి కొన్న ట్యూనర్ ఖర్చు తిరిగి రావాలంటే డెబ్బై వేల కిలోమీటర్లు దాటాలి. దుండిగల్ నుంచి సికింద్రాబాద్‌కు రోజూ వచ్చిపోయే మనిషి యాభై కిలోమీటర్లు తిరుగుతాడు, ఏడాదికి మూడు వందల రోజులు వేసుకోండి. దాదాపు ఐదేళ్లు పడుతుంది. ఈలోగా బండే మారిపోతుంది. కాబట్టి మైలేజీ కోసం ట్యూనర్ కొనడమన్నది లెక్కకు నిలబడే మాట కాదు.

వేడి సంగతి కొంచెం వేరు. లీన్ మిక్చర్ వేడెక్కిస్తుందన్న మాటలో నిజం ఉంది. గాలితోనే చల్లబడే బళ్లలో ఆ తేడా కాళ్లకు తెలుస్తుంది కూడా. కానీ గండిమైసమ్మ దగ్గర రెండు టిప్పర్ల మధ్య ఇరుక్కుని పది నిమిషాలు కదలకపోతే ఇంజిన్‌కు గాలి తగిలేదెక్కడ? ఏ మిక్చరైనా అప్పుడు వేడెక్కాల్సిందే. అక్కడ ఇంజిన్ ఆపేసుకోవడమే మందు, అది ఉచితం.

ఈ మధ్య కొత్త కారణం ఒకటి తోడైంది, ఈ-20 పెట్రోలు. దేశంలో పదిశాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2022లో అందుకున్నారు, తర్వాత ఇరవై శాతానికి వచ్చారు. ఇథనాల్‌లోనే మూడోవంతుకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. అందుకని ఈ-20కి సరైన పాళ్లు 14.7 కాదు, పదమూడున్నర దగ్గరికి వస్తాయి. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. పోయకపోతే మిక్చర్ లీన్ అవుతుంది. దీన్ని పట్టుకుని, ఈ-20కి ట్యూనర్ తప్పనిసరి అని ప్రచారం మొదలైంది. ఆక్సిజన్ సెన్సార్ ఉన్న బండిలో ఈ సర్దుబాటు చాలావరకు దానంతటదే జరుగుతుంది. మైలేజీ మాత్రం కొంత తగ్గుతుంది. ఈ-10కి తగ్గట్టు ట్యూన్ చేసిన ద్విచక్ర వాహనాల్లో ఈ-20 వల్ల మూడు, నాలుగు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే అంచనా వేసింది. ఇథనాల్‌లో శక్తే తక్కువ. లీటరుకు లీటరు చూస్తే పెట్రోలులో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. లేని శక్తిని ఏ డబ్బా తెచ్చిపెడుతుంది? ఇక పాత కార్బురేటర్ బళ్లకు ట్యూనర్ తగిలించే చోటే లేదు. వాటిలో పెట్రోలు వదిలే జెట్ మార్చడమే దారి.

ఇథనాల్‌తో మన ప్రాంతంలో కనబడే చిక్కు ఇంకొకటుంది, దాన్ని చాలామంది ట్యూనింగ్ సమస్య అనుకుంటారు. కాలేజీ పిల్లలు సెలవులకు ఊరికి పోతూ బండిని హాస్టల్ రేకుల షెడ్డులో వదిలేస్తారు. ట్యాంకులో సగం పెట్రోలు, మూత రబ్బరు పాతది, పైన జూన్ వానలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పెట్రోలు లాగేది అడుగు నుంచే. రెండు నెలల తర్వాత వచ్చి స్టార్ట్ చేస్తే బండి మిస్ కొడుతుంది, తుమ్ముతుంది, ఇంజిన్ లైటు వెలుగుతుంది. దానికి కావాల్సింది ట్యాంకు ఖాళీ చేసి కడిగించడం. ముందే తెలిసి ఉంటే, పోయేటప్పుడు ట్యాంకు నిండా పోయించి మూత రబ్బరు మార్పించుకుంటే సరిపోయేది.

ఓ మెకానిక్ షెడ్డులో విన్న సంభాషణ ఒకటి చెబుతాను. ఇలాంటి మాటలు మీరూ వినే ఉంటారు. కుర్రాడు బండి ఆపి, "అన్నా, బండి బాగ గుంజుతుంది, ట్యూనర్ ఏపిద్దామనుకుంటున్న" అన్నాడు. మెకానిక్ బండి వైపు వంగి చూసి, "ఎన్నిరోజులైంది తమ్మీ చైన్ టైట్ చేపించి?" అన్నాడు. కుర్రాడికి గుర్తులేదు. మెకానిక్ వేలితో చైన్‌ను కింది నుంచి ఎత్తితే అది రెండంగుళాలు పైకి లేచింది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీశాడు. తెల్లగా ఉండాల్సిన కాగితం ఎర్రమట్టి రంగులో ఉంది. టిప్పర్లు పోయే రోడ్డు మీద నడిచిన బండి కదా. నేలకేసి రెండుసార్లు కొడితే పిడికెడు దుమ్ము రాలింది. "ముందు గీటికి పైసలు పెట్టు. తర్వాత గూడ గుంజితే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. ట్యూనర్ అమ్మితే తనకూ నాలుగు డబ్బులు మిగిలేవి. ఆ మాట అన్నందుకు ఆ షెడ్డుకే పోవాలనిపిస్తుంది నాకు.

ఆయన చెప్పిన వరుసే సరైనది. చైన్ వదులుగా ఉంటే ఎక్సలేటర్ ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ బండి టక్కున గుంజుతుంది, మిక్చర్ ఎంత బాగున్నా సరే. ఎంత వదులు ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. ఎక్సలేటర్ కేబుల్‌కు ఆట ఎక్కువైనా అదే గుంజుడు. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గు, థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, వాల్వుల గ్యాప్, టైర్లలో గాలి, ఇవన్నీ చూపించినా రెండు, మూడు వేలకు మించదు చాలా బళ్లకు. సగం మంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

అయినా తీరలేదా? అప్పుడు బండినే అడగవచ్చు. చాలా బీఎస్-6 బళ్లలో సీటు కిందో పక్క ప్యానెల్ లోపలో ఆరు పిన్నుల కప్లర్ ఒకటి ఉంటుంది. దానికి తగ్గ కేబులు, చిన్న బ్లూటూత్ స్కానర్ కలిపి వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతాయి. ఫోనులో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె కనబడుతుంది. తన పట్టికలో ఉన్నదానికంటే ఈసీయూ ఎంత శాతం ఎక్కువ పోస్తోందో, ఎంత తక్కువ పోస్తోందో అదే చెబుతుంది. ప్లస్ ఐదు, మైనస్ ఐదు మధ్య ఆడుతుంటే మీ బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. ప్లస్ పదిహేను, ఇరవై దగ్గర నిలబడిపోయిందంటే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఇంజెక్టర్ మూసుకుపోతోంది, లేదా పంపు నీరసించింది. ఆ జబ్బు దాచిపెట్టి పైన ట్యూనర్ తగిలిస్తే జబ్బు ముదురుతుంది.

మరి ట్యూనర్ పనికొస్తుందన్న ఆ ఇద్దరెవరు? ఒకరు, అన్నీ సరిచేయించాక కూడా తక్కువ వేగంలో బండి గుంజుతున్నవాళ్లు. అదీ గాలితో చల్లబడే పెద్ద సింగిల్ సిలిండర్ బండో, పాత బీఎస్-4 కేటీఎమ్మో అయి, వారంటీ ముగిసిపోయి, ఇంకో నాలుగైదేళ్లు అదే బండి నడపాలనుకునేవాళ్లు. వాళ్లకు ట్యూనర్ ఇచ్చే మెత్తదనం నిజమైనది. రోజూ ట్రాఫిక్‌లో నడిపే మణికట్టుకు ఆ తేడా తెలుస్తుంది. ఇంకొకరు, రేసు ట్రాక్ మీద నడపడానికే బండి ఉంచుకుని ఇన్‌టేక్, సైలెన్సర్ మార్చేసినవాళ్లు. గాలి వచ్చిపోయే దారే మారిపోయింది కాబట్టి వాళ్లకు మ్యాప్ మార్చడం తప్పనిసరి అవసరం.

పవర్ పెరుగుదల మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక్క మాట. కొత్త క్లాసిక్ 350 ఇంజిన్ బలం 20.2 బీహెచ్‌పీ. దాని మీద ఒకటి పెరిగిందని చెబితే అది ఐదు శాతం. వెనక సీటు మీద ఓ మనిషి ఎక్కితే ఆ లాభం మాయమవుతుంది. ఇంజిన్ బలం కొలిచే డైనో పరీక్ష గ్రాఫు చూపిస్తే ఒకటే అడగండి: ట్యూనర్ పెట్టక ముందు, పెట్టిన తర్వాత, ఇదే బండిని, ఇదే రోజున, ఇదే పెట్రోలుతో పరీక్షించారా? నీళ్లు నమిలితే వచ్చేయండి.

చట్టం సంగతి దాటవేయలేను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ సంస్థ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే తేల్చిచెప్పింది. అదే ఏడాది సవరణతో మారిన 182-ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇంజిన్‌కు ఇంధనం అందే తీరును మార్చే పరికరం ఇందులోకి రాదని వాదించి గెలవడం కష్టం. సీటు కింద ఉన్నది పోలీసులకు కనబడదులే అనుకోవచ్చు. కానీ రిచ్ మిక్చర్ పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ అంకె పెంచి బయటపడుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పచ్చి పెట్రోలు పోతే అది పాడైపోతుంది, దాని ధర ట్యూనర్ ధరను మించిపోవచ్చు. వారంటీ ఉన్న బండి అయితే ఇంజిన్‌కు ఏ చిన్న జబ్బు చేసినా సర్వీస్ సెంటర్ వాళ్లు ముందు చూపించేది ఈ డబ్బానే. నష్టం దానివల్ల కాకపోయినా నిరూపించుకోవాల్సింది మీరే.

ఇంత చెప్పినా కొనేవాళ్లు కొంటారు, అది వాళ్ల సరదా. సరదాకు ఖర్చు పెట్టడం నేరమేమీ కాదు. సరదా కోసం కొంటున్నామని ఒప్పుకుని కొనండి, ఇంట్లో మైలేజీ కోసం అని చెప్పకండి. వైర్లు కోయకుండా కప్లర్లతోనే తగిలించే రకం తీసుకోండి, రేపు తీసేయాలన్నా, అమ్ముకోవాలన్నా వీలుంటుంది. వీలైతే అదే మోడల్ బండికి ట్యూనర్ పెట్టించుకున్న స్నేహితుడి బండిని ముందు ఓ గంటసేపు ట్రాఫిక్‌లో నడిపి చూడండి. ఔటర్ రింగు రోడ్డు మీదికి బైకులను రానివ్వరు కాబట్టి పక్కన సర్వీస్ రోడ్డు మీద వేగం చూసుకుందామనుకోకండి. మీరు పరీక్షించాల్సింది పాతిక, ముప్పై వేగంలో బండి ఎలా నడుస్తుందన్నదే, దానికి గండిమైసమ్మ చౌరస్తా చాలు.

నా తీర్పు ఇది. కంపెనీ సైలెన్సర్‌తో, వారంటీలో ఉన్న బీఎస్-6 బండికి ట్యూనర్ కొనకండి. పాత బండి గుంజుతుంటే ముందు చైన్, ఫిల్టర్, కేబుల్, ప్లగ్గు చూపించండి. అవన్నీ బాగుండి ట్రిమ్ అంకె కూడా సరిగ్గా ఉండి, అయినా గుంజుతుంటే, చట్టపరమైన బాధ్యత మీదేనని తెలుసుకుని అప్పుడు ఆలోచించండి. ఎయిర్ ఫిల్టర్ మార్చి ఏడాది దాటినవాళ్లు మాత్రం ఈ ఆదివారమే దాన్ని తీసి చూడండి.